మొదటిసారి కోడిపెట్టను తెచ్చుకుంటున్నారా? ఎంత వయసుది, ఎలాంటి గూడు, ఏ జాతి, ఏ మేత

కోడిని పెంచుకుందామని అనుకోగానే అందరూ అడిగేది "ఏ జాతి మంచిది?" అనే. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది ఎంత వయసున్న కోడిని తెచ్చుకోవాలన్నది, రెండోది రాత్రిపూట దాన్ని ఎక్కడ పడుకోబెడతారన్నది. ఈ రెండూ తేల్చుకున్నాక జాతి విషయంలో కాస్త అటూ ఇటూ అయినా పెద్దగా నష్టం లేదు. ఇవి తేలకుండా ఫొటోల్లో ముద్దొచ్చిందని ఏదో ఒక జాతిని తెచ్చేసుకుంటే మాత్రం మొదటి నెలలోనే టెన్షన్ మొదలవుతుంది.

అంతకన్నా ముందు ఇంకో మాట. ఒక్క కోడినే పెంచుదామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. కోడి మందలో బతికే పక్షి, తోటి కోడి లేకపోతే మీరు ఎంత ముద్దు చేసినా దాని బెంగ తీరదు. రెండు తెచ్చుకుంటే ఒకటి చచ్చిపోయిన రోజు మిగిలింది ఒంటరిదైపోతుంది, తర్వాత తెచ్చే కొత్త కోడిని అది పొడిచి పొడిచి పెడుతుంది. అందుకే మూడు. మొదటిసారికి అంతకు మించి వద్దు. గుడ్ల కోసం పుంజు అక్కర్లేదు, పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, కాకపోతే ఆ గుడ్డు పొదిగినా పిల్ల రాదు. తెల్లవారకముందే మొదలయ్యే కూతతో ఇరుగుపొరుగు దగ్గర మాటలు పడటం ఎందుకు చెప్పండి. ఇంటి దగ్గర కోళ్లు పెంచడానికి అనుమతి ఉందో లేదో కూడా ముందే కనుక్కోండి, కొన్నిచోట్ల పెట్టలకు ఒప్పుకుంటారు కానీ పుంజులకు ఒప్పుకోరు.

కోడిపిల్లలా, గుడ్లకొచ్చే పెట్టలా, ఫారం నుంచి తీసేసిన పెట్టలా?

కోడిపిల్లల్ని చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, అసలు చిక్కంతా అక్కడే ఉంది. రోజు వయసు పిల్లకి ఒంటిమీద నూగు తప్ప ఈకలు ఉండవు, తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. మొదటి వారం దాని చుట్టూ 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఒంటినిండా ఈకలు రావడానికి ఆరు వారాల దాకా పడుతుంది. అంటే నెలన్నర పాటు ఇంట్లో ఒక మూల లైటు, పెట్టె, దుమ్ము, వాసన, రాత్రి కరెంటు పోతే మీ నిద్ర కూడా పోవడం. వేడి సరిపోయిందా లేదా అని థర్మామీటర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, పిల్లల్ని చూడండి. అన్నీ లైటు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి గోలగోలగా అరుస్తుంటే చలేస్తోందని. లైటుకి దూరంగా గోడలకి అంటుకుని, రెక్కలు దించేసి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువైందని. కొన్ని తింటూ, కొన్ని నిద్రపోతూ, పెట్టె అంతా చెదిరి ఉంటే అంతా బాగున్నట్టే. వేడినిచ్చే ఎర్ర బల్బు పొట్టు మీద పడితే నిప్పంటుకుంటుంది, ఇలా గూళ్లు కాలిపోవడం కొత్తేమీ కాదు, కాబట్టి పిల్లలు కిందికి దూరి పడుకునే హీటింగ్ ప్లేట్ దొరికితే అదే తీసుకోండి. బల్బే వాడాల్సి వస్తే గొలుసుతో ఒకసారి, తీగతో ఇంకోసారి, రెండు విధాలా కట్టండి.

పిల్లల్ని తెస్తే ఇంకో తంటా, ఏది పెట్ట, ఏది పుంజు అన్నది. విడదీయకుండా అమ్మే పిల్లల్లో దాదాపు సగం పుంజులే ఉంటాయి. చేయి తిరిగినవాళ్లు విడదీసినా అప్పుడప్పుడూ తప్పు పోతుంది. పుట్టినప్పుడే రంగుని బట్టి ఆడ, మగ తెలిసిపోయే సంకర రకాలు కొన్ని ఉన్నాయి, పిల్లలే కావాలని పట్టుబట్టేవాళ్లకి అవే మేలు. లేకపోతే రెండు మూడు నెలలు ప్రేమగా పెంచాక ఒక పొద్దున మీ ముద్దుల "పెట్ట" మెడ సాచి కూత పెడుతుంది, అప్పుడు దాన్ని ఎవరికివ్వాలో తెలియక తలపట్టుకుంటారు. పిల్లలతో లాభం లేదా అంటే ఉంది. చిన్నప్పటి నుంచీ చేతిలో పెరిగిన కోడి బాగా మాలిమి అవుతుంది, పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. రెండు నెలలు ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంట్లో ఉంటామనుకుంటేనే అటు వెళ్లండి.

గుడ్లకొచ్చే పెట్టలంటే 16 నుంచి 20 వారాల వయసువి. ఈకలు పూర్తిగా వచ్చి ఉంటాయి, లైటు అక్కర్లేదు, పెట్టేనని కచ్చితంగా తెలుస్తుంది, కొన్ని వారాల్లో గుడ్డు చేతికొస్తుంది. పిల్లలకన్నా ధర ఎక్కువే, కానీ ఆ నెలల మేత, లైటు, మీ శ్రమ లెక్కేస్తే అంత తేడా ఏమీ ఉండదు. మొదటి రోజుల్లో మిమ్మల్ని చూస్తే పారిపోతాయి, దానికి బెదిరిపోనక్కర్లేదు. రోజూ ఒకే వేళకి నేలమీద కూర్చుని అరచేతిలో గింజలు పెట్టుకుని కదలకుండా ఉండండి, ముందు ధైర్యమున్నది ఒకటి వస్తుంది, దాన్ని చూసి మిగతావి.

కొనేటప్పుడు వయసు విషయంలో మోసపోకుండా చూసుకోండి, ముసలి పెట్టని పడుచు పెట్టని చెప్పి అంటగట్టేవాళ్లు ఉంటారు. కాళ్లు చూడండి. పడుచు పెట్ట కాలి పొలుసులు నున్నగా, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, వయసు మీరినదానికి గరుకుగా లేచి ఉంటాయి. తలమీద తురాయి ఇంకా చిన్నగా, లేత రంగులో ఉంటే గుడ్డుకి సమయం ఉందని, ఎర్రబడి పెద్దదవుతుంటే దగ్గరకొచ్చిందని. వీపు మీద చేయి వేస్తే రెక్కలు కాస్త విప్పి నేలకు ఒదిగి కూర్చుంటే గుడ్డు నేడో రేపో అన్నట్టే. ఏ టీకాలు వేశారో అడిగి రాసుకోండి, ముఖ్యంగా మారెక్స్ అనే వైరస్ జబ్బుకి వేసే టీకా, దాన్ని పొదిగించినచోటే మొదటి రోజున వేస్తారు, తర్వాత మీరు వేయించినా పెద్దగా ప్రయోజనం ఉండదు. కళ్లలో నీరు, ముక్కులో చీమిడి, ఊపిరి తీస్తుంటే గురగుర, వెనక భాగం రెట్టతో తడిసి ఉండటం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆ మందలోంచి వేరే కోడిని కూడా తీసుకోకండి.

మూడో దారి, గుడ్ల ఫారాల నుంచి ఏడాదిన్నర వయసులో తీసేసిన పెట్టలు. గుడ్లు తగ్గుతాయని, పెంకు పల్చబడుతుందని వాటిని తీసేస్తారు, కానీ ఒక ఇంటికి సరిపడా గుడ్లు వాటి నుంచి ఇంకా వస్తాయి. సగం ఈకలు ఊడి, తురాయి పాలిపోయి, చూడగానే జాలేస్తుంది. బోనులో పెరిగినవైతే మట్టిని చూసి ఉండవు, పడుకోవడానికి కట్టే అడ్డకర్ర, అంటే దండెం ఎక్కడం కూడా తెలియదు. రెండు మూడు నెలల్లో కొత్త ఈకలు వచ్చి, మొదటిసారి మట్టిలో పొర్లాడుతుంటే చూడటం గొప్పగా ఉంటుంది, అది ఒప్పుకుంటాను. కానీ అన్నేసి గుడ్లు పెట్టి పెట్టి వాటి గర్భసంచి అలసిపోయి ఉంటుంది, ఆ భాగానికి వచ్చే జబ్బులు వీటికే ఎక్కువ, బాగా చూసుకున్నా ఏడాదికో రెండేళ్లకో పోయేవి ఎన్నో. మొదటి కోడే ఇలా పోతే తట్టుకోలేని చిన్నపిల్లలు ఇంట్లో ఉంటే వద్దు. పెద్దవాళ్లు, సేవ చేయాలన్న మనసున్నవాళ్లు తప్పకుండా ఆలోచించండి.

నా ఓటు గుడ్లకొచ్చే పెట్టలకే. మామూలుగా కోడి ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది, గుడ్లు మాత్రం మొదటి రెండేళ్లే జోరుగా పెట్టి తర్వాత ఏటేటా తగ్గిపోతాయి. ఆ మిగతా ఏళ్లు కూడా దాన్ని పోషిస్తారా లేదా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి.

గూడు: అందానికి కాదు, జాలీకి డబ్బు పెట్టండి

రెడీమేడ్ చెక్క గూళ్లు చూడ్డానికి బాగుంటాయి. వాటిమీద "ఆరు కోళ్లకు" అని రాసి ఉంటే రెండు మూడింటికి అని చదువుకోండి. పడుకునే గూట్లో ఒక్కో కోడికి కనీసం 4 చదరపు అడుగులు, పగలు తిరిగే కంచె లోపల ఒక్కోదానికి 10 చదరపు అడుగులు ఉండాలి, ఇంకా ఎక్కువుంటే ఇంకా మంచిది. ఇరుకైతే మొదట కనిపించేది ఒకదాని ఈకలు ఒకటి పీకడం, తర్వాత రక్తం. ఒకసారి రక్తం కనబడితే మిగతావి ఆ ఎర్రటి చోటే పొడుస్తూ ఉంటాయి, దెబ్బ తిన్నదాన్ని వెంటనే విడిగా పెట్టాలి.

ఆరు మూలల కన్నాలుండే పల్చటి కోళ్ల జాలీ కోడిని బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. లోపలికి రావాలనుకున్న కుక్కని అది ఆపదు, ఆ కన్నాల్లోంచి ఎలుక, పాము హాయిగా దూరిపోతాయి. అర అంగుళం కన్నాలున్న వెల్డింగ్ జాలీ ఖరీదు ఎక్కువ, కోయడం కష్టం, అయినా రాత్రి గూటికి అదే వేయండి. డబ్బు సరిపోకపోతే గూటి పెయింటు మానేయండి, అలంకారాలు మానేయండి, జాలీ దగ్గర మాత్రం తగ్గకండి. కింద తవ్వుకుని వచ్చే జంతువుల కోసం జాలీని అడుగు లోతు పాతాలి, లేదా గూటి చుట్టూ అడుగున్నర వెడల్పున నేలమీద పరిచి పైన మట్టి కప్పాలి. తలుపుకి మామూలు కొక్కెం చాలదు, ముక్కుతోనో కాలితోనో ఎత్తేసే జంతువులు ఉంటాయి, నొక్కి తీయాల్సిన గొళ్లెం పెట్టండి.

చక్రాలున్న జరిపే గూడు గురించి చాలామంది గొప్పగా చెబుతారు. రోజూ కొత్త గడ్డి, రెట్ట ఒకేచోట పేరుకోదు, నిజమే. నేల సమంగా లేకపోతే మాత్రం అంచు కింద సందు ఏర్పడుతుంది, ఆ సందు చాలు పిల్లికైనా ఎలుకకైనా. పైగా దాన్ని రోజూ జరపాలి, ఒక్కరే జరపగలిగేంత తేలిక గూడు సాధారణంగా గట్టిది కాదు. పచ్చిక చదునుగా ఉండి ఒళ్లొంచి పనిచేసే ఓపిక ఉంటేనే అది తీసుకోండి, లేకపోతే ఒకచోట స్థిరంగా ఉండేదే నయం.

గూటి లోపల చూసుకోవాల్సినవి నాలుగే. పడుకునే దండెం చదునుగా, రెండు అంగుళాల వెడల్పుతో, అంచులు నున్నగా ఉండాలి, ఒక్కో కోడికి 25 సెంటీమీటర్ల పొడవు. దండెం గుడ్ల పెట్టెకన్నా ఎత్తులో ఉండాలి, ఎందుకంటే కోడి ఎప్పుడూ ఉన్నవాటిలో ఎత్తైన చోటే పడుకుంటుంది, పెట్టె ఎత్తులో ఉంటే అందులోనే పడుకుని రాత్రంతా రెట్ట వేసి పొద్దున ఆ మురికిలోనే గుడ్డు పెడుతుంది. గుడ్ల పెట్టె మూడు నాలుగు కోళ్లకు ఒకటి చాలు, ఎన్ని పెట్టినా అన్నీ ఒకదానికోసమే కొట్టుకుంటాయి. ఇక గాలి. చలి తగులుతుందని కన్నాలన్నీ మూసేసేవాళ్లు ఉన్నారు, చలికన్నా తేమ, అమ్మోనియా ఎక్కువ హాని చేస్తాయి. పడుకున్న కోడి తలకన్నా పైన గాలి పోయే సందులుండాలి, కోడికి నేరుగా గాలి కొట్టకూడదు. పొద్దున్నే తలుపు తీసి మీ ముఖం దండెం ఎత్తుకి దించి గాలి పీల్చండి, కళ్లు మండితే ఆ గూడు కోడికి పనికిరాదు.

కింద ఏం పరచాలన్నదానికి చెక్క పొట్టు మొదటిసారివాళ్లకి తేలిక. గడ్డి తడిస్తే త్వరగా బూజు పడుతుంది. ఇసుక పొడిగా ఉండే చోట చాలా బాగుంటుంది, జల్లెడతో రెట్ట ఏరేయొచ్చు, తేమ ఎక్కువున్న చోట ముద్దకట్టి తలనొప్పి.

తిరగనివ్వాలా, కంచెలోనే ఉంచాలా అని అడిగితే మధ్యేమార్గం చెబుతాను. పగలంతా పైకప్పు జాలీ ఉన్న కంచెలో, సాయంత్రం చీకటి పడేముందు ఒక గంట మీ కళ్ల ముందు బయట. చీకటి పడుతుంటే వాటంతటవే గూటికి వెళ్లిపోతాయి, వెనక తరమాల్సిన పని లేదు. తలుపు వేసేముందు లెక్కపెట్టుకోండి. వేళకి వేసుకునే ఆటోమేటిక్ తలుపు ఉద్యోగస్తులకి మంచి సుఖం, కానీ ఒక కోడి బయటే ఉండిపోయిందని ఆ తలుపుకి తెలియదు కదా.

ఇప్పుడు జాతి

మొదట వాతావరణం చూడండి. కోడికి చెమట పట్టదు, వేడిని తురాయి ద్వారా, నోరు తెరిచి రొప్పడం ద్వారా వదులుకుంటుంది. ఒళ్లు తేలికగా, తురాయి పెద్దగా ఉన్నవి ఎండకి తట్టుకుంటాయి, దట్టమైన ఈకలున్న బరువు జాతులు చలికి. మంచు కురిసే చోట పెద్ద తురాయి గడ్డకట్టి దెబ్బతింటుంది, అక్కడ చిన్న తురాయి ఉన్నవే నయం.

గుడ్లే ముఖ్యమైతే లెగార్న్, ఏడాదికి 280 పైన తెల్ల గుడ్లు పెట్టగలదు, మేత కూడా తక్కువ. కానీ బెదురెక్కువ, చిటికేస్తే కంచె ఎగిరి దూకుతుంది, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలనుకునేవాళ్లకి కాదు. రోడ్ ఐలాండ్ రెడ్ గట్టి పిండం, గోధుమ రంగు గుడ్లు బాగా పెడుతుంది, కొంచెం పెత్తనం ఎక్కువ, మెత్తటి జాతులతో కలిపితే వాటిని మేత దగ్గరకు రానివ్వదు. ఆస్ట్రలార్ప్ నా దృష్టిలో మొదటిసారివాళ్లకి అన్నిటికన్నా సరిపోయేది, నల్లటి మెరిసే ఈకలు, నెమ్మదైన స్వభావం, గుడ్లకీ లోటుండదు. నల్ల రంగు కాబట్టి ఎండ కాసే చోట నీడ తప్పనిసరి. ఆర్పింగ్టన్ దానికన్నా నెమ్మది, పిల్లలు ఎత్తుకున్నా ఊరుకుంటుంది, గుడ్లు తక్కువ, ఎండకి ఇబ్బంది పడుతుంది. బ్రహ్మ పెద్ద ఒళ్లు, కాళ్లకి కూడా ఈకలు, బురద నేలైతే ఆ ఈకలు ఎప్పుడూ తడిగా ఉంటాయి.

సిల్కీని మాత్రం ఫొటో చూసి కొనకండి. బొచ్చులాంటి దాని ఈకలు నీటిని ఆపవు, వానలో ముద్దైపోతుంది, ఎగరలేదు, కళ్లమీద పడే ఈకల వల్ల గద్దొచ్చినా చూడదు. మూడు గుడ్లు పెట్టి నాలుగో రోజు పొదగడానికి కూర్చుంటుంది. ఎప్పుడూ పొడిగా ఉండే పైకప్పు కింద, సిల్కీలనే ఒక జట్టుగా పెంచగలిగితే అంత ప్రేమగల కోడి ఇంకోటి లేదు.

మీ ప్రాంతపు నాటు జాతులు అక్కడి జబ్బులకి, వాతావరణానికి అలవాటుపడి ఉంటాయి, పిల్లల్ని అవే పొదిగి అవే పెంచుకుంటాయి. గుడ్లు మాత్రం సంకర జాతుల్లో మూడో వంతు కూడా రాకపోవచ్చు, చెట్టెక్కి పడుకునే అలవాటూ ఉంటుంది. ఏ జాతైనా మూడూ ఒకే వయసువి, దాదాపు ఒకే సైజువి తెచ్చుకోండి, పొట్లాటలు సగం తగ్గుతాయి.

మేత, నీళ్లు

ఇక్కడ ఎంపిక చాలా సులువు. పిల్లలకి స్టార్టర్, అందులో 18 నుంచి 20 శాతం ప్రొటీన్ ఉంటుంది. ఎదిగే వయసులో గ్రోయర్. గుడ్లు మొదలయ్యాక లేయర్ మేత, 16 శాతం ప్రొటీన్, 3.5 నుంచి 4 శాతం కాల్షియం. ఈ లేయర్ మేతని గుడ్లు పెట్టని పిల్లలకి పెట్టకూడదు, అంత కాల్షియం వాటి కిడ్నీల్ని పాడుచేస్తుంది. ఒట్టి గింజలతో పెంచుదామనుకునేవాళ్లకి చెప్పేదొకటే, కోడి తనకిష్టమైన గింజ ఏరుకుని మిగతాది వదిలేస్తుంది, పెంకు పల్చబడ్డాక గానీ మీకు లోపం తెలియదు. పిండిలా ఉండేదానికన్నా గుళికల మేత తక్కువ వృథా అవుతుంది. పెద్ద పెట్ట రోజుకి 100 నుంచి 120 గ్రాములు తింటుంది, వంటింటి మిగులు, చిరుతిళ్లు అందులో పదో వంతు దాటకూడదు. కాల్షియం కోసం ఇచ్చే ఆల్చిప్పల గుల్ల పొడి మేతలో కలపకుండా వేరే గిన్నెలో పెట్టండి, కావలసినది కావలసినంత తింటుంది. ఆరుబయట తిరగని కోళ్లకి చిన్న రాతి పలుకులు కూడా ఇవ్వాలి, పళ్లు లేవు కాబట్టి కడుపులో గింజ నలగడానికి అవే ఆధారం. అవకాడో, చాక్లెట్, ఉడకని ఎండు చిక్కుడు గింజలు, ఆకుపచ్చగా మారిన బంగాళదుంప, బూజు పట్టిన ఏ తిండీ పెట్టకండి.

నీళ్లకి నిపుల్, అంటే ముక్కుతో పొడిస్తే నీళ్లొచ్చే మొన, ఉన్న డబ్బా శుభ్రం, తెరిచిన గిన్నెలో గంటలోపే మట్టి, రెట్ట. కొత్త కోళ్లకి నిపుల్ అలవాటయ్యేదాకా రెండూ ఉంచండి. కోడిపిల్లలకి గిన్నె పెడితే అందులో గులకరాళ్లు వేయాలి, లేకపోతే మునిగి చస్తాయి.

జబ్బుని కనిపెట్టేది మీ కళ్లే

కోడి జబ్బుని దాస్తుంది, మందలో బలహీనంగా కనబడితే తోటివే పొడుస్తాయి కాబట్టి. మీకు తెలిసేటప్పటికి ముదిరి ఉంటుంది. అందుకే పొద్దున తలుపు తీయగానే ఎవరు చివర దిగారు, ఎవరు మేతకి రాలేదు అన్నది చూడండి. రాత్రి దండెం మీద నిద్రమత్తులో ఉన్నప్పుడు పట్టుకుంటే గొడవ చేయవు, అప్పుడు రెక్క ఎత్తి, వెనక ఈకలు విడదీసి పేలు చూడండి, ఈక మొదట్లో తెల్లగా గుత్తులుగా గుడ్లు అంటుకుని ఉంటే పేలున్నట్టే. గొంతు కింద మేత సంచి సాయంత్రం నిండుగా, పొద్దున మేతకి ముందు ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా గట్టిగానో, నీళ్ల బుడగలానో తగిలితే డాక్టర్ దగ్గరకి. తోక దించి, పెంగ్విన్‌లా నిలబడి ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు, ఇది రేపటికి వాయిదా వేసే విషయం కాదు. రెట్టలో అప్పుడప్పుడూ గోధుమరంగులో జిగటగా, మహా కంపుగా ఒకటి వస్తుంది, అది మామూలే, భయపడి మందులు పోయకండి. కోడిపిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే పేగులకు పట్టే కాక్సిడియోసిస్ అనే జబ్బు కావచ్చు, అది ఆలస్యం చేస్తే ఆగదు. కోళ్లని చూసే పశువైద్యులు అందరూ కాదు, కాబట్టి మీకు దగ్గర్లో ఎవరు చూస్తారో కోడిని తెచ్చేముందే కనుక్కోండి. కోడిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మనుషులకి విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా కనిపించే కోడి మీద కూడా ఉండొచ్చు, ఐదేళ్ల లోపు పిల్లల్ని ముద్దులు పెట్టనివ్వకండి.

గూడు పూర్తయ్యాకే కోళ్లని తీసుకురండి, సాయంత్రం పూట తెచ్చి నేరుగా దండెం మీద కూర్చోబెట్టి తలుపేయండి. మొదటి వారం గూడు, దాని కంచె దాటి బయటికి వదలకండి, ఇల్లు ఏదో వాటికి తెలియాలి. మొదటిసారి వదిలేది చీకటి పడడానికి గంట ముందు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు. మేత డబ్బా చేతిలో ఆడిస్తూ గూటి వైపు నడిస్తే అవే మీ వెనకాల వచ్చేస్తాయి.